సైకిల్ పని మనమే చేసుకుందాం – 7వ పాఠం: మూడు వందల మల్టీటూల్ ఎంతవరకు నమ్మొచ్చు

ఈసారి గేర్లు సెట్ చేసుకోవడం చెప్తానన్నాను, కానీ పోయిన పాఠం తర్వాత మీ దగ్గర్నుంచి వచ్చిన కబుర్లు విన్నాక అది పక్కన పెట్టాల్సొచ్చింది. సీటు ఎత్తు సరిచేసుకుని బోల్ట్ బిగించుకోమన్నాను, కనీసం నలుగురికి ఆ బోల్ట్ తల అరిగిపోయి గుండ్రంగా అయిపోయిందట. ఒక తమ్ముడు, విశాఖ బీచ్ రోడ్డులో తొట్లకొండ దాటాక, సీటు మెల్లగా కిందకి దిగిపోతుంటే ఆపడానికి ఏమీ చేయలేక భీమిలి దాకా నిలబడే తొక్కాడు. ఒకమ్మాయి పంక్చర్ షాపుకి తీసుకెళ్తే అక్కడాయన సుత్తి, ఉలి పెట్టి కొట్టి బోల్ట్ ఊడదీశాడు, ఫ్రేమ్ మీద గీత పడింది. కొత్త సైకిల్ అది, నాకే బాధేసింది.

అందరి చేతిలోనూ ఉన్నది ఒకటే, ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి దొరికే జేబులో పట్టే మల్టీటూల్, పదహారు పనిముట్లు ఒక్కదాంట్లో అని రాసుంటుంది. అందరి ప్రశ్న కూడా ఒకటే, దీన్ని పారేసి ఖరీదైనది కొనుక్కోవాలా అని.

వద్దండి, ఉంచుకోండి. నా సీటు కింద సంచిలో నాలుగేళ్లుగా అలాంటిదే ఉంది. కాకపోతే అది దారిలో వదులైనదాన్ని బిగించుకోడానికి, బిగుసుకుపోయినదాన్ని ఊడదీయడానికి కాదు. ఈ తేడా ఆరో పాఠంలోనే చెప్పుండాల్సింది, చెప్పలేదు, అందుకే ఇవాళ పాఠమంతా దీని గురించే.

ఏ వైపు తిప్పితే బిగుస్తుందో మీకు తెలుసు కాబట్టి అది వదిలేస్తున్నా. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

మల్టీటూల్‌లో కీ (బోల్ట్ తల గుంటలో దూరే ఆరు పలకల అలెన్ కీ) విప్పితే దాని పొడవు ఇంచుమించు ఐదు సెంటీమీటర్లు. హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ బోల్ట్ సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దాకా బిగించాలి (స్టెమ్ మీదే రాసుంటుంది చూడండి). మల్టీటూల్ ఒంటిని కాకుండా కీ కొసనే పట్టుకుని తోశారనుకుంటే ఐదు సెంటీమీటర్ల దగ్గర అది పది కిలోల ఒత్తిడి, చేత్తో అయిపోతుంది. అదే పెడల్ అయితే 40 న్యూటన్ మీటర్లు బిగించి ఉంటుంది, అంటే ఆ చిన్న కీ మీద ఎనభై కిలోలు, మనిషి ఎక్కి నిలబడాలి. ఒంటిని పట్టుకుంటే ఇంకొంచెం బలం వస్తుంది కానీ పెడల్‌కి అదీ చాలదు. కీ వంగుతుంది, లేదా చెయ్యి జారి చైన్ రింగ్ పళ్లకి తగులుతుంది. కాబట్టి పెడళ్లు, వెనక చక్రం ఇరుసు నట్టు, పాత సీటు బోల్ట్, వీటి జోలికి మల్టీటూల్‌తో పోవద్దు. ఇంటి దగ్గర పొడుగు ఎల్ ఆకారం కీలు, సరైన పానాలు పెట్టి తీయాలి. పెడల్ తీసేటప్పుడు ఎడమ వైపుది తిరగేసిన మర అని మాత్రం గుర్తు పెట్టుకోండి.

కీ పొట్టిగా ఉండటం వల్ల ఒక మంచి కూడా ఉంది. వాటర్ బాటిల్ స్టాండ్ బోల్టులు, స్టెమ్ బోల్టులు పొడుగు కీతో బిగిస్తే చేతికి తెలియకుండానే ఎక్కువ బిగిసిపోయి లోపల మర పోతుంది. పొట్టిదానితో అంత బలం పెట్టడం కష్టం. అందుకే చిన్న బోల్టులకి ఇంట్లో కూడా నేను దాన్నే వాడతా.

ఇప్పుడు అసలు విషయం, మీ బోల్టులు ఎందుకు అరిగాయో. చవక ఇనుము అని అందరూ అంటున్నారు. కొంత నిజమే, కానీ మీలో ముగ్గురి బోల్టులు చూశాను, అరుగుడంతా గుంట పైఅంచునే ఉంది, కింద ఆరు పలకలూ కొత్తవాటిలా ఉన్నాయి. అంటే కీ అడుగుదాకా దిగలేదు. సగం లోతులో ఉండగానే తిప్పేశారు.

ఎందుకు దిగలేదంటే గుంటలో మట్టి ఉంది. సీటు కింద బోల్ట్ వెనక చక్రం చిమ్మే బురదకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది, మనకేమో బీచ్ రోడ్డు ఇసుక, దానికి తోడు ఉప్పు గాలి, అది ఎండి సిమెంటులా గట్టిపడుతుంది. పైనుంచి చూస్తే నల్లగా గుంటలాగే కనిపిస్తుంది, లోపల సగం నిండి ఉందని తెలీదు. కీ పెడితే దూరుతుంది, రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది, అదే అడుగు అనుకుని తిప్పుతారు. ఉన్న బలమంతా ఆ రెండు మిల్లీమీటర్ల అంచు మీదే పడి పలకలు తెగిపోతాయి. దీనికి వెయ్యి రూపాయల టూల్ పెట్టినా అదే జరుగుతుంది, ఇంకా చెప్పాలంటే గట్టి స్టీల్ అయితే బోల్ట్ ఇంకా త్వరగా పోతుంది.

కాబట్టి చేయాల్సింది ఇది. పిన్నీసు తీసుకుని గుంట మూలమూలా గీకండి, ఆరు మూలలూ. వచ్చిన మట్టిని నోటితో ఊదకండి, కళ్లలో పడుతుంది, సైకిల్ పంపుతో ఒక్క దెబ్బ గాలి కొట్టండి. కీ పెట్టి, దాని వెనక అరచేత్తో తట్టండి. ముందు మెత్తగా మట్టి శబ్దం వస్తుంది, మళ్లీ గీకి మళ్లీ తట్టండి, ఇనుము ఇనుముకి తగిలిన 'టక్' అనే శబ్దం వినిపించేదాకా. కీ ఎంత దిగిందో బొటనవేలి గోరు పెట్టి గుర్తు పట్టి, బయటికి తీసి చూసుకోండి. 5 నంబరు (5 ఎం.ఎం.) కీ మూడు మిల్లీమీటర్ల దాకా అయినా దిగితేనే తిప్పాలి. తిప్పేటప్పుడు ఒక చేత్తో కీని లోపలికి నొక్కి పట్టుకుని రెండో చేత్తో తిప్పాలి, రెండు పనులూ ఒక్క చేత్తో చేస్తే కీ పక్కకి వాలుతుంది. మల్టీటూల్‌లో కీలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి దాని ఒళ్లు ఫ్రేమ్‌కి తగిలి వాలడం మరీ ఎక్కువ. తగులుతుంటే ఆ కీని తొంభై డిగ్రీలకి మాత్రమే విప్పి పెట్టి చూడండి. ఇంతా చేయడానికి నిమిషం పట్టదు, చేయకపోతే ఆ బోల్ట్ కోసం ఒక ఆదివారం పోతుంది.

6 దూరట్లేదు కదా అని 5 పెట్టి తిప్పడం కూడా ఇలాంటిదే. కొలతలు చాలావరకు ఇవే: 5 ఎం.ఎం. మందం బోల్ట్‌కి 4 కీ, 6 ఎం.ఎం. బోల్ట్‌కి 5 కీ, 8 ఎం.ఎం. బోల్ట్‌కి 6 కీ. అంగుళాల సెట్టు ఇంట్లో ఉంటే సైకిల్ దగ్గరికి తీసుకురావద్దు. అందులో 5/32 కీ మన 4కి దాదాపు సరిపోతుంది, అది చూసి 3/16 కూడా 5కి సరిపోతుందనుకుంటారు, అది 4.76 మాత్రమే, బోల్ట్ పోతుంది.

ఇప్పటికే అరిగిపోయినవాళ్లకి: 4 కీ గుంట అయితే టీ25, 5 అయితే టీ30 నక్షత్రం కీ తీసుకుని సుత్తితో మెల్లగా దిగగొట్టండి, పట్టు దొరుకుతుంది, తిప్పి తీసి ఆ బోల్ట్ పారేయండి. కొత్త బోల్ట్ మరకి కొంచెం గ్రీజు రాసి ఎక్కించండి.

ఇనుము సంగతి. మీ టూల్ మెత్తదో గట్టిదో తెలియాలంటే ఆకురాయి తీసుకుని కీ పక్క మీద ఒకసారి రుద్దండి. ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోతే మంచిది. పొడి రాలిందంటే మెత్తది, 4, 5 కీలు ఏడాది తిరక్కుండానే కొసన గుండ్రం అవుతాయి. అయినా పారేయక్కర్లేదు, కొస ఎక్కడిదాకా అరిగితే అక్కడిదాకా, రెండు మూడు మిల్లీమీటర్లు ఆ ఆకురాయితోనే కొసని అడ్డంగా, సమంగా అరగదీసేయండి, కొత్త అంచులు వస్తాయి. నేను రెండుసార్లు చేశా. గట్టిది అరిగితే గ్రైండర్ మీద పెట్టాలి, మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతూ, వేడెక్కితే గట్టిదనం పోతుంది.

పదహారులో నేను ముట్టుకునేవి నాలుగే, 4, 5, 6 కీలు, ప్లస్ స్క్రూడ్రైవర్. మధ్యలో రేకులా ఉండే స్పోక్ కీ వాడొద్దు, నిపిల్ (స్పోక్ చివర ఉండే చిన్న నట్టు) మూలలు పోతాయి. ఒంటికే కోసిన 15 పానా కూడా అంతే, నట్టు మీద నిలవదు. ఇంకోటి, డిస్క్ బ్రేక్ ఉన్న సైకిల్‌కి ముందు చూడాల్సింది టీ25 ఉందా లేదా అని. రోటర్‌కి (చక్రంతో తిరిగే బ్రేక్ పళ్లెం) ఆరు బోల్టులు ఉంటే అవి చాలావరకు టీ25వే, నా పదహారులో అది లేనేలేదు, విడిగా కొన్నా. చైన్ తెంపే పరికరం ఉన్న మోడల్ కావాలా అని అడిగారు. చవకదాంట్లో ఆ సన్నటి పిన్ను తొందరగా వంగిపోతుంది, నేనైతే దానికి డబ్బు పెట్టను. అయితే రోడ్డు మీద చైన్ తెగితే అది లేకుండా పని జరగదు, అందుకే చిన్నది మంచిది విడిగా పెట్టుకుంటా, మీ గేర్ల సంఖ్యకి సరిపోయే క్విక్ లింక్ (తెగిన చైన్‌ని మళ్లీ కలిపే లింకు) జత కూడా.

తుమ్మ ముల్లు దిగితే ఈ మల్టీటూల్ ఎందుకూ పనికిరాదు. పంపు, రెండు టైరు లీవర్లు, ప్యాచ్‌లు, సొల్యూషన్ తర్వాతే దీనికి చోటు. పొద్దున్న ఐదింటికి రుషికొండ దగ్గర ఏ షాపూ తెరవదు, తెరిచినా వాళ్ల దగ్గర పానాలుంటాయి కానీ అలెన్ కీలు ఉంటాయని నమ్మకం లేదు. మన ఊరి గాలికి పైపూత నెలల్లో పొక్కి తుప్పు పడుతుంది, కాబట్టి కీలన్నీ విప్పి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి తుడిచి, పాత ట్యూబు ముక్కలో దూర్చి పెట్టండి. కొబ్బరినూనె వద్దు, జిగటెక్కి ఇసుకని పట్టుకుంటుంది.

అభ్యాసం. కాగితం, పెన్ను పెట్టుకుని సైకిల్ ముందు నుంచి వెనక్కి ప్రతి బోల్ట్ దగ్గరా ఆగి మట్టి గీకి, ఏ కీ సరిపోయిందో రాయండి. టూల్ ఒళ్లు ఫ్రేమ్‌కి తగిలి తిరగని బోల్ట్ ఉంటే దాని పక్కన గీత గీయండి. తర్వాత పెడళ్లు, వెనక ఇరుసు నట్టు, పాత సీటు బోల్ట్ లాంటి గట్టివి తప్ప మిగతా ప్రతి బోల్టూ ఇంట్లో పొడుగు కీతో ఒకసారి పావు చుట్టు వదులు చేసి, మల్టీటూల్‌తోనే మళ్లీ బిగించండి. స్టెమ్ ముందు నాలుగూ ఎదురెదురుగా మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా, కార్బన్ భాగాలుంటే వాటిని మాత్రం వదిలేయండి. ముందు చక్రం మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ గట్టిగా తిప్పి చూడండి, సీటు మీద బరువేసి చూడండి. కదలకపోతేనే ఐదు కిలోమీటర్లు తొక్కి వచ్చి మళ్లీ మొత్తం తడిమి చూడండి. నాకు ఒక పూట పట్టింది, మీకూ పడుతుంది. ఆ కాగితం దాచుకోండి, ఎనిమిదో పాఠంలో గేర్లకి మొదలుపెట్టేది దాంట్లో రాసిన డీరైల్లర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) బోల్ట్ దగ్గర్నుంచే.