బిడ్డకు నీళ్ళు పోయడం – మూడో పాఠం: సబ్బు మిగలకుండా జాడించడం

మొదటి పాఠంలో నీళ్ళ వేడి గురించి, రెండో పాఠంలో నూనె గురించి నేర్చుకున్నాం. తిరుపతి, చిత్తూరు వైపు బోరు నీళ్ళ మీద నడిచే ఇళ్ళకి ఈ మూడో పాఠం ఆ రెండింటికంటే ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఏడాది నిండి మూడేళ్ళ లోపు ఉన్న బిడ్డకి మెడ మడతలో ఎరుపు కనిపిస్తుంది, తల మీద తెల్ల పొట్టు లేస్తుంది, ఉతికిన చొక్కా తొడిగినా గోక్కుంటూనే ఉంటాడు. మురికి పోలేదేమో అనుకుని మనం ఇంకాస్త సబ్బు రుద్దుతాం. చాలా ఇళ్ళలో పోనిది మురికి కాదు, రుద్దిన సబ్బే. ఒంటికైనా తలకైనా గుడ్డలకైనా ఈ పాఠంలో నేర్చుకునే పని ఒకటే: పెట్టినదాన్ని పూర్తిగా తీసేయడం.

ముందు మీ నీళ్ళు ఎలాంటివో తెలుసుకోండి

ఖాళీ వాటర్ బాటిల్ ఒకటి తీసుకుని పావు వంతు బోరు నీళ్ళు పట్టండి. ఒంటి సబ్బును చాకుతో గీరి, చిటికెడు తురుము అందులో వేసి, మూత బిగించి బాగా కుదపండి. ఇంకో బాటిల్లో తాగే ఫిల్టర్ నీళ్ళు, లేదా పట్టి పెట్టుకున్న వాన నీళ్ళు పోసి అదే చేయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మంచినీళ్ళలో నురగ మందంగా నిలబడుతుంది, కింద నీళ్ళు కాస్త తేటగానే ఉంటాయి. బోరు నీళ్ళలో నురగ పలచగా వచ్చి పడిపోతుంది. నీళ్ళు పాలలా మారి, వాటిలో సన్నటి తెల్ల పలుకులు తేలుతాయి.

ఆ పలుకులే అసలు సంగతి. నేలలోంచి వచ్చిన కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి, నీళ్ళలో కరగని పదార్థంగా మారతాయి. బకెట్టు లోపల చేతికి జిడ్డుగా తగిలే తెల్ల పొర అదే. బిడ్డ ఒంటి మీద, వెంట్రుకల మధ్య, బనీను నేతలో పేరుకునేదీ అదే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళనే గట్టి నీళ్ళంటారు, ఆ గుణం పేరు కాఠిన్యం. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ఈ కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా సరే అంటుంది. వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. అంటే తాగడానికి పనికొస్తాయన్న నీళ్ళలో కూడా సబ్బు విరిగిపోవచ్చు.

తిరుపతిలో ఒక్కో ఇంటికి ఒక్కో రకం నీళ్ళు. కల్యాణి డ్యామ్ నుంచో తెలుగు గంగ నుంచో వచ్చే కొళాయి నీళ్ళు ఒక పూట, బోరు ఒక పూట, ఎండాకాలంలో ట్యాంకరు. అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. అందుకే ఈ పరీక్ష ఒకసారి చేసి వదిలేయకుండా, నీళ్ళు మారినప్పుడల్లా చేయండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆర్వో ఫిల్టర్ నుంచి పక్క పైపులో పారిపోయే నీళ్ళను బకెట్టుకు పట్టి బిడ్డకు పోసే ఇళ్ళున్నాయి. నీళ్ళు వృథా చేయకూడదన్న ఆ బుద్ధి మంచిదే. కానీ ఫిల్టర్ వదిలించుకున్న ఉప్పంతా ఆ నీళ్ళలోనే చేరి ఉంటుంది, అవి మీ బోరు నీళ్ళకంటే గట్టి నీళ్ళు. వాటితో వాకిలి కడగండి, బిడ్డకూ వాడి గుడ్డలకూ వద్దు.

ఒంటికి నీళ్ళు పోసేటప్పుడు

రెండు పాత్రలు పెట్టుకోండి. బకెట్టులో మామూలు నీళ్ళు. పక్కన చిన్న గిన్నెలో రెండు చెంబుల మంచినీళ్ళు, ఆఖరున పోయడానికి. ఇంట్లో మంచినీళ్ళకు కరువున్నా ఈ రెండు చెంబులు మాత్రం తీసి పెట్టండి. ముందు పోసిన వాటిని ఎంత పొదుపుగా పోసినా పర్వాలేదు, ఆఖరి నీళ్ళు శుభ్రంగా ఉంటే చాలా వరకు పని అయినట్టే.

మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి చేయి కాలేంత వేడెక్కుతాయి. కొళాయి తిప్పగానే మొదట వచ్చేవి ఎండకు కాగిన పైపులో నీళ్ళు. వాటిని బకెట్టుకు వదిలి, చల్లారాక మోచేతితో చూసి వాడండి. కొళాయి కింద బిడ్డను నేరుగా నిలబెట్టకండి.

సబ్బు ఎక్కడ రుద్దాలి? మెడ మడతలు, చంకలు, తొడ సందులు, పిరుదులు, అరచేతులు, పాదాలు. వీపుకు, పొట్టకు, కాళ్ళూ చేతులకు రోజూ సబ్బు అక్కర్లేదు, మట్టిలో ఆడి వస్తే తప్ప. మామూలు సబ్బుకు క్షార గుణం ఎక్కువ, చర్మానిది కాస్త ఆమ్ల గుణం. ఎంత తక్కువ రుద్దితే తీయాల్సింది అంత తక్కువ. డాక్టర్లు రాసే సబ్బు లేని బార్లు గట్టి నీళ్ళలో విరగవు, పొడి చర్మం ఉన్న బిడ్డలకు వాటి ధర గిట్టుబాటే. సున్నిపిండి వాడే ఇళ్ళలో పెసరపిండిని పలచటి గుడ్డలో జల్లించి, నీళ్ళలో జారుగా కలిపి పూయండి, రుద్దకండి. పగిలిన చర్మం మీద, గజ్జి లేచిన చోట అసలు వద్దు. పిండికీ ఇదే పాఠం వర్తిస్తుంది: మెడ మడతలో ఎండిపోయిన పిండి సబ్బుకంటే ఎక్కువ గీస్తుంది.

కడిగేటప్పుడు మడతను వేళ్ళతో విప్పి పట్టి పోయండి. గడ్డం కొంచెం పైకెత్తితే మెడ మడత తెరుచుకుంటుంది. పైనుంచి గబగబా గుమ్మరిస్తే నీళ్ళు మడత మీదుగా జారిపోతాయి, లోపలికి పోవు. ఆడబిడ్డకు ముందు నుంచి వెనక్కి కడగాలి. మగబిడ్డకు ముందు తోలును బలవంతంగా వెనక్కి లాగకూడదు, పైపైన కడిగితే చాలు. చెవి లోపలికి బడ్స్ పోనివ్వకండి, బయటి డొప్పను తడి గుడ్డతో తుడవండి.

ఫోన్ మోగినా, గుమ్మంలో ఎవరు పిలిచినా బిడ్డను బకెట్టు దగ్గర వదిలి పోవద్దు. అరచేయి లోతు నీళ్ళు కూడా ఈ వయసు బిడ్డను ముంచేస్తాయి. పని అయ్యాక బకెట్టు ఖాళీ చేసి బోర్లించండి.

తలకు పోయడం

చెంబుతో పోసేవాళ్ళు ముందు తల, తర్వాత ఒళ్ళు కడగాలి. తల మీంచి కారిన షాంపూ వీపు మీద, చెవుల వెనక నిలుస్తుంది, ఆ తర్వాత ఒంటికి పోసే నీళ్ళు దాన్నీ తీసుకుపోతాయి. టబ్బులో కూర్చోబెట్టేవాళ్ళు మాత్రం తలను ఆఖరున పెట్టుకోండి, లేకపోతే బిడ్డ షాంపూ నీళ్ళలోనే నానుతూ కూర్చుంటాడు.

వారానికి రెండు సార్లు తలంటి చాలు. షాంపూను నేరుగా నెత్తిన పోయకుండా, అర గ్లాసు నీళ్ళలో చిన్న చెంచాడు కలిపి వేళ్ళతో మాడుకు పట్టించండి. కుంకుడుకాయ, శీకాయ మీద నాకు గౌరవం ఉంది. కుంకుడు రసం గట్టి నీళ్ళలోనూ విరగదు, బోరు నీళ్ళతో మన అవ్వల జుట్టు నిగనిగలాడింది దానివల్లే. కానీ కంట్లో పడితే బిడ్డ విలవిల్లాడిపోతాడు, కన్ను ఎర్రగా వాస్తుంది. కళ్ళు మూసుకో అంటే మూసుకునే వయసు వచ్చేదాకా ఆగండి.

ఇప్పుడు చేతి పని. బిడ్డను చిన్న పీట మీద మీ వైపు తిప్పి కూర్చోబెట్టండి. ఎడమ చేతిని కనుబొమల పైన ఆనకట్టలా అడ్డంగా ఆనించండి, వేళ్ళ మధ్య సందు ఉండకూడదు. “లైటు ఏదీ? లైటు చూపించు నాయనా” అనండి. తల తనంతట తనే పైకి లేస్తుంది. లేచిన ఆ క్షణంలో, మూతి సన్నగా ఉన్న చెంబుతో నుదుటి అంచు నుంచి వెనక్కి, సన్నటి ధారగా పోయండి. పోస్తూ కుడి చేతి వేళ్ళు ఆడించలేరు కాబట్టి, పోయడం ఆపి రుద్దండి, మళ్ళీ పోయండి. మూడోసారి చెవుల వెనక, నాలుగోసారి మెడ వెనక జుట్టు మొదట్లో. అందరూ వదిలేసేది ఈ రెండు చోట్లే. బిడ్డ తల దించేస్తే ఆగండి. గట్టిగా పట్టి పోస్తే మరుసటి తలంటికి బాత్రూమ్ గుమ్మం దగ్గరే ఏడుపు మొదలవుతుంది, ఆ భయం వదిలించడానికి నెలలు పడుతుంది.

షాంపూ పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? జారుడు చూసి చెప్పలేం. గట్టి నీళ్ళలో సబ్బు మిగిలినా జుట్టు కరకరమంటుంది. మెత్తటి నీళ్ళలో అంతా పోయినా ఒళ్ళు జారుగానే అనిపిస్తుంది. అందుకని మెడ వెనక ఒక స్టీలు గిన్నె పట్టి, ఆఖరి నీళ్ళను అందులోకి జారనివ్వండి. గిన్నెను కుదపండి. అంచున బుడగలు నిలిస్తే ఇంకో చెంబు కావాలి. ఈ గిన్నె పరీక్షను గుర్తుపెట్టుకోండి, గుడ్డల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

మన ఊళ్ళో తలనీలాల సంగతి చెప్పకుండా తల పాఠం పూర్తవదు. కల్యాణకట్టలో గుండు అయ్యాక మాడు మీద కంటికి కనపడని గీతలుంటాయి. రెండు మూడు రోజులు షాంపూ, సబ్బు లేకుండా గోరువెచ్చటి మంచినీళ్ళు పోయండి. సాన మీద అరగదీసిన గంధం చల్లగా హాయిగా ఉంటుంది. రంగు, వాసన కలిపిన గంధం పొడి మండిస్తుంది. ఎండిన గంధాన్ని గోటితో గీరకండి, తడి గుడ్డ వేసి నాననిచ్చి తుడవండి. బయటికి తీసుకెళ్తే పలచటి నూలు టోపీ పెట్టండి. గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని మళ్ళీ మళ్ళీ కొట్టించే అవసరం లేదు. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, పైన కత్తి ఆడినంత మాత్రాన అది మారదు. మొక్కు మొక్కుగానే తీర్చుకోండి.

గుడ్డలు

నురగ రావడం లేదని పౌడరు ఇంకో గుప్పెడు వేయడం దగ్గర అసలు తంటా మొదలవుతుంది. ఆ పౌడరు అంతా గుడ్డలోనే ఉండిపోతుంది. ఎండలో ఆరేస్తే బనీను అప్పడంలా బిర్రబిగుస్తుంది, అదే బిడ్డ చంకల్లో గీస్తుంది. పాకెట్ మీద రాసినంతకంటే ఎక్కువ వేయకండి. వేసే ముందు పౌడరును చిన్న గిన్నెలో కరిగించండి, పలుకులు మిగలవు.

ముందు మరకలు. పాలు, కక్కు, దొడ్డికి వెళ్ళినది, గుడ్డు, నెత్తురు: వీటికి మొదట చన్నీళ్ళే. వేడి నీళ్ళు పోశారంటే మరక గుడ్డకు ఉడికి అతుక్కుంటుంది. రాగి జావ, సంగటి ఎండనిచ్చి, గోటితో రాల్చి, తర్వాత తడపండి. పసుపు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రబడితే కంగారు పడకండి. క్షారం తగిలితే పసుపు అలాగే మారుతుంది, జాడించాక మళ్ళీ పసుపు రంగులోకి వస్తుంది, ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. ఇక తోతాపురి మామిడి కాలం. పండు రసం వెంటనే చన్నీళ్ళలో పెడితే చాలా వరకు పోతుంది. తొడిమ దగ్గరి సొన మాత్రం నల్లబడి నిలిచిపోతుంది. గుడ్డ పోతే పోయింది, అది మూతి చుట్టూ తగిలితే చర్మం పొక్కుతుంది. తొడిమ కోసి, సొన కార్చి, కాయ కడిగాకే బిడ్డ చేతికివ్వండి.

జాడింపు మూడు నీళ్ళు. ప్రతి నీళ్ళకు ముందు గట్టిగా పిండండి. పిండకుండా ఎన్ని నీళ్ళు మార్చినా, లోపలి సబ్బునే కొత్త నీళ్ళలోకి మోసుకుపోతాం. మూడో నీళ్ళ తర్వాత బనీనును స్టీలు గిన్నెలోకి పిండి, కుదిపి చూడండి. బుడగ నిలిస్తే నాలుగో నీళ్ళు. మెషిన్లో వేసేవాళ్ళు ఒక జాడింపు ఎక్కువ పెట్టుకోండి. గుడ్డలు అప్పటికే బిగుసుకుపోయి ఉంటే, ఆఖరి అర బకెట్టు నీళ్ళలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి ఐదు నిమిషాలు ఉంచి పిండండి, పేరుకున్న పొర కొంత వదులుతుంది. బ్లీచింగ్ వాడిన నీళ్ళలో మాత్రం వెనిగర్ కలపకండి, విషవాయువు పుడుతుంది. వాసన కోసం పోసే కండిషనర్, బకెట్టులో మూతెడు డెట్టాల్: రెండూ బిడ్డ గుడ్డలకు అక్కర్లేదు. అవి కూడా మళ్ళీ తీయాల్సినవే.

ఆరేసేటప్పుడు తిరగేసి ఆరేయండి. పెరట్లో మునగ చెట్టు ఉంటే తీగను దానికి దూరంగా కట్టుకోండి. గొంగళి పురుగు గుడ్డ మీద పాకి పోయినా దాని నూగు నేతలో గుచ్చుకుని ఉంటుంది, తొడిగిన కాసేపటికి ఒళ్ళంతా దద్దుర్లు. అనుమానం ఉన్న చొక్కాను దులపడంతో సరిపెట్టకుండా మళ్ళీ ఉతకండి. కార్తీక మాసం వానల్లో గుడ్డలు ఫ్యాను కింద ఆరతాయి కానీ అంచుల్లో చెమ్మ మిగులుతుంది, ఇస్త్రీ పెట్టె తిప్పి మడత పెట్టండి. మడతల్లో కలరా ఉండలు వేయకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న బిడ్డలకు ఆ వాసన పట్టిన గుడ్డలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. లోపం ఉందని ముందుగా చాలామందికి తెలియదు. పైగా ఉండ చేతికి దొరికితే చాక్లెట్ అనుకుని నోట్లో పెట్టుకుంటారు.

ఈ వారం సాధన

మొదటి రోజు బాటిల్ పరీక్ష. ఆ తర్వాత వారమంతా సబ్బు సగానికి తగ్గించి, ఆఖరి రెండు చెంబులు మంచినీళ్ళు పోయండి, గుడ్డలకు గిన్నె పరీక్ష చేయండి. వారం మొదట్లో, చివర్లో మెడ మడతను ఒకే వెలుతురులో ఫోటో తీసి పోల్చండి. ఎరుపు తగ్గకపోయినా, చెమ్మ కారినా, రాత్రిళ్ళు వేళ్ళ సందుల్లో గోకుతూ ఇంట్లో ఇంకొకరికీ దురద మొదలైనా అది సబ్బు పని కాదు. రుయాలోనో మీ దగ్గరి ఆసుపత్రిలోనో చర్మం డాక్టరుకు చూపించండి, దుకాణంలో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చి పూయకండి.

నాలుగో పాఠం చిక్కులు, పేలు. దానికి సన్న పళ్ళ పేల దువ్వెన ఒకటి, పాత తెల్ల తువ్వాలు ఒకటి తీసి పెట్టుకోండి.