థండర్ బే వెళ్తున్న బెజవాడ, గుంటూరు కుటుంబాలకు: మంచు పడకముందే చూసుకోవాల్సినవి

యూనివర్సిటీలో సీటు వచ్చిందనో, ఆస్పత్రిలో ఉద్యోగం దొరికిందనో, టొరంటో అద్దెలు భరించలేకనో కెనడాలో థండర్ బే లాంటి చిన్న ఊళ్లకు వెళ్లే మనవాళ్లున్నారు. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరది. జనవరిలో రాత్రిపూట మైనస్ 30కి పడిపోయే రోజులుంటాయి. చలికి ఎటూ భయపడతారు కాబట్టి దానికి ఏదో ఒక ఏర్పాటు చేసుకునే దిగుతారు. మొదటి ఏడాది ప్రమాదం తెచ్చేవి ఎక్కువగా తలుపులు బిగించిన ఇంట్లోనూ కారులోనూ ఉంటాయి. వాటి సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

గన్నవరంలో విమానం ఎక్కేలోపు

పిల్లల టీకాల కార్డు ఇప్పుడే తీసి చూడండి. థండర్ బే ఉన్న ఒంటారియో రాష్ట్రంలో బడులు మీజిల్స్, రుబెల్లాతో పాటు గవదబిళ్లల టీకా కూడా అడుగుతాయి. 2010లోనూ ఆ తర్వాతా పుట్టిన పిల్లలకైతే ఆటలమ్మ టీకా కూడా. వీటిలో మన ప్రభుత్వ టీకాల పట్టికలో ఉన్నది మీజిల్స్, రుబెల్లాలకు వేసే ఎంఆర్ మాత్రమే. గవదబిళ్లలది, ఆటలమ్మది అందులో లేవు. పిల్లల డాక్టరు దగ్గర ఎంఎంఆర్ (గవదబిళ్లలది కూడా కలిసిన టీకా), వేరిసెల్లా (ఆటలమ్మ టీకా) వేయించి, తేదీలన్నీ ఇంగ్లిష్‌లో రాయించి సంతకం, ముద్ర తీసుకోండి. కార్డు తెలుగులో ఉంటే అక్కడ ఎవరూ చదవలేరు.

డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లు ఆర్టీఏ ఆఫీసు నుంచి అనుభవ ధ్రువపత్రం తీసుకోవాలి. ఒంటారియోలో స్థిరపడ్డాక మన లైసెన్స్ 60 రోజులే చెల్లుతుంది. 12 నెలలకు మించి అనుభవం ఉందని చూపాలంటే లైసెన్స్ ఇచ్చిన ఆఫీసు పత్రం లాంటి అధికారిక రుజువు కావాలి. అక్కడికి వెళ్లాక ఇక్కడున్న బావమరిదిని ఆఫీసు చుట్టూ తిప్పడం కంటే మీరే ఓ పూట కూర్చుని తెచ్చుకోవడం నయం.

బీసెంట్ రోడ్డులో స్వెట్టర్లు కొని పెట్టెలు నింపకండి. ఇక్కడి జర్కిన్ అక్కడ అక్టోబరుకే చాలదు. ఒంటికి అంటిపెట్టుకునే థర్మల్స్ రెండు జతలు చాలు, అవీ నూలువి వద్దు. నూలు చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆ తడే ఒళ్లు చల్లబరుస్తుంది. కోటు, బూట్లు అక్కడే కొనండి. బూటు అర సైజు పెద్దది తీసుకోవాలి. ఇరుకు బూట్లో రెండు జతల సాక్సు వేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా గడ్డకడతాయి. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు పెట్టుకోవద్దు, అక్కడ అవి నిషిద్ధం. గోంగూర, ఆవకాయ సరే, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. తినే వస్తువు ఏదున్నా కస్టమ్స్ ఫారంలో రాయండి.

ఇల్లు

ఎండుమిరపకాయల తాలింపు పడగానే పొగ అలారం మోగుతుంది. రెండుసార్లు మోగాక చాలామంది చేసే పని కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేయడం. అది ఒంటారియోలో నేరం, పైగా రాత్రి నిజంగా అంటుకుంటే లేపేవాళ్లుండరు. పొయ్యి పైనున్న చిమ్నీ గాలి బయటికి పోతోందా, లేక మొహం మీదకే తిరిగి కొడుతోందా చెయ్యి పెట్టి చూడండి. అద్దె ఇళ్లలో రెండో రకమూ కనిపిస్తుంది, దానివల్ల పొగ ఎక్కడికీ పోదు. అలాంటి ఇంట్లో ముందు కిటికీ నాలుగు వేళ్లు తెరిచి, మూకుడు మీద మూత పట్టుకుని తాలింపు పెట్టాలి. అయినా మోగితే అలారం మీద నొక్కే మీట ఉంటుంది, కొన్ని నిమిషాలు ఆగుతుంది.

పొగ కంటే ప్రమాదకరం కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు. గ్యాస్ ఫర్నేస్ (ఇల్లంతా వేడి చేసే యంత్రం) ఉన్న ఇంటి బయటి గోడకు సాధారణంగా రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలుంటాయి. మంచు కురిసిన ప్రతిసారీ వాటి చుట్టూ తవ్వి తీయాలి. మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోతుంది, లేదా విషవాయువు ఇంట్లోకి తన్నుతుంది. కరెంటు పోయిందని బొగ్గుల కుంపటి గానీ, క్యాంపు స్టవ్ గానీ లోపల వెలిగించకండి. పడకగదుల దగ్గర మోనాక్సైడ్ అలారం ఉందో లేదో ఇంట్లో దిగిన రోజే చూసుకోండి. తలనొప్పి, వాంతులు ఇంటిల్లిపాదికీ ఒకేసారి మొదలైతే సాంబారు మీదకు నెట్టకండి. అందరూ బయటికి వచ్చి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి.

ఊరెళ్లేటప్పుడు హీటరు పూర్తిగా ఆపితే గోడల్లో నీటి గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. 15 డిగ్రీల కంటే తగ్గించకుండా ఉంచి, నీటి మెయిన్ కట్టేసి వెళ్లండి. బట్టలు గదిలో ఆరేయడం వల్ల కిటికీ అద్దాలు చెమ్మగిల్లి నెలలోపే బూజు పడుతుంది. చెమ్మ కనిపిస్తే ఫ్యాను వేయండి.

కారు

ముందు బంపరు దగ్గర చిన్న ప్లగ్ వేలాడుతూ కనిపిస్తే అది ఇంజన్ వేడి చేసేది. మైనస్ 15 దాటితే బండి తీయడానికి సుమారు మూడు గంటల ముందు గుచ్చాలి, వెళ్లే ముందు మరవకుండా పీకాలి. చలికాలపు టైర్లు ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగేసరికి బిగించాలి, ఆ చలికి మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. అద్దం కడిగే డబ్బాలో నీళ్లు పోయకండి, మైనస్ 40కి తట్టుకునే ద్రవం పోయండి. మంచులో ఇరుక్కుంటే సైలెన్సర్ గొట్టం మూతి శుభ్రం చేయకుండా ఇంజన్ ఆన్‌లో ఉంచితే పొగ లోపలికే వస్తుంది.

పసిబిడ్డను మందపాటి కోటుతో కారు సీటులో కట్టడం పెద్ద పొరపాటు. పట్టీ బిగుతుగానే కనిపిస్తుంది, గుద్దుకున్నప్పుడు కోటు నలిగి బిడ్డ జారిపోతుంది. పల్చని చొక్కాతో కట్టి, పట్టీల మీదుగా కోటు తిప్పి కప్పాలి.

ఒళ్లు

గాలి వేగాన్ని కూడా కలిపి లెక్కేసిన చలి మైనస్ 28 దాటితే బయట ఉన్న చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. ముక్కు, చెవులు, వేళ్ల కొసలు తెల్లగా మైనంలా మారి స్పర్శ పోతే లోపలికి తీసుకెళ్లి గోరువెచ్చని నీళ్లతో వెచ్చబరచండి. రుద్దకూడదు, హీటరు ముందు పెట్టకూడదు. స్పర్శ తిరిగి రాకపోతే, బొబ్బలు లేస్తే ఆస్పత్రికి తీసుకెళ్లండి. చెవి దిద్దులు, ముక్కుపుడక లోహం కాబట్టి అవి తగిలే చోట చలి ముందు పడుతుంది. పిల్లలకు వేళ్లు విడివిడిగా ఉండే తొడుగుల కంటే నాలుగు వేళ్లూ కలిసి ఉండేవే వెచ్చగా ఉంటాయి. బడిలో కలిసిపోతాయి, పేరు రాయండి. తల్లిపాలు తాగే బిడ్డలకు రోజూ 400 ఐయూ విటమిన్ డి చుక్కలు వేయాలని కెనడా ఆరోగ్యశాఖ చెబుతుంది.

అమ్మానాన్నల్ని సూపర్ వీసా (తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండేందుకు కెనడా ఇచ్చే వీసా) మీద పిలిపించుకునేవాళ్లు కనీసం లక్ష డాలర్ల బీమా ఎలాగూ తీసుకోవాలి. పాలసీలో బీపీ, షుగరు, గుండె జబ్బుల గురించి ఏముందో డబ్బు కట్టకముందే చదవండి. బీపీ ఉన్న మామయ్యగారు ఊరికే కూర్చోలేక పార పట్టుకుని మంచు తీయబోతారు. తడి మంచు చాలా బరువు, చలికి రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, ఈ పని చేసేటప్పుడు గుండెపోటు వచ్చే ప్రమాదం ఎక్కువ. పార ఆయనకు కనిపించని చోట పెట్టి, మెట్ల మీద చల్లడానికి ఇసుక డబ్బా ఇవ్వండి. మైనస్ 15లో మామూలు ఉప్పు మంచును పెద్దగా కరిగించదు, ఇసుక మాత్రం కాలు జారకుండా ఆపుతుంది.