అల్యూమినాపై వెండి-రాగి మిశ్రమం పరుచుకోలేదు: నా అనుభవం

అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసిన పింగాణీ లాంటి పదార్థం) పలకను లోహానికి అతికించడానికి 72 శాతం వెండి, 28 శాతం రాగి ఉన్న మిశ్రమం వాడాను. 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా కరిగింది కానీ, తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా ముడుచుకుంది. చల్లారాక వేలితో తోస్తే ఊడి వచ్చింది. పలక మురికిగా ఉందనుకుని మూడుసార్లు శుభ్రం చేశాను. ఫలితం లేదు.

తప్పు మురికిది కాదు. అల్యూమినాలో అల్యూమినియం, ఆక్సిజన్‌ల బంధం చాలా గట్టిది. దాన్ని కదిలించే శక్తి వెండికీ లేదు, రాగికీ లేదు. అందుకే స్పర్శ కోణం, అంటే బొట్టు అంచు పలకతో చేసే కోణం, 90 డిగ్రీలు దాటిపోతుంది; బొట్టు పరుచుకోదు. సుమారు 2 శాతం టైటానియం కలిసిన మిశ్రమానికి మారాను. టైటానియం పలకలోని ఆక్సిజన్‌ను లాక్కుని, సరిహద్దులో పలుచని ఆక్సైడ్ పొర కడుతుంది. ద్రవలోహం తడిపేది నిజానికి ఆ కొత్త పొరనే. ఈ సంగతి నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది!

అయినా మొదటిసారి పైన బూడిదరంగు తెట్టు కట్టి, సగమే పాకింది. గాలి తీసేసి వేడిచేసే శూన్య కొలిమిలో లీకు ఉంది. చొరబడిన గాలి టైటానియాన్ని ముందే తినేసింది. సీలు మార్చాను. మిగిలిన ఆక్సిజన్‌ను పీల్చుకోవడానికి పక్కన టైటానియం రేకు ముక్కలు పెట్టి, 850 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాను. మిశ్రమం అంచుల దాకా పరుచుకుంది. విరగ్గొట్టి చూస్తే పలకే పగిలింది, అతుకు నిలిచింది.