పాత ఐపాడ్‌లో బ్యాటరీ గుర్తు తప్పు చూపిస్తుంటే

గుర్తు సగానికి పైగా చూపిస్తూనే రెండు పాటలయ్యేసరికి టప్పున ఆగిపోతోందా? చాలాసార్లు ఆ గుర్తు లెక్క తప్పి ఉంటుంది. కొత్త బ్యాటరీ కొనేముందు ఇది చేసి చూడండి.

క్లిక్ వీల్ (ముందువైపు వేలితో తిప్పే గుండ్రటి చక్రం) ఉన్న రకమైతే హోల్డ్ మీట (బటన్లు పనిచేయకుండా ఆపేది) ఒకసారి వేసి తీయండి. మెనూ, మధ్య బటన్ కలిపి ఆపిల్ బొమ్మ కనబడేదాకా నొక్కిపట్టండి, 8 సెకన్లు చాలు. తర్వాత గోడ ఛార్జర్‌కి పెట్టి 4 గంటలు కదపకండి. కంప్యూటర్‌కి పెడితే అది స్లీప్‌లోకి వెళ్లగానే ఛార్జింగ్ ఆగిపోతుంది, మనకు తెలియదు కూడా. నిండాక స్క్రీన్ లైటు, ఈక్వలైజర్ (పాట ధ్వనిని మార్చే సెట్టింగ్) ఆపేసి, దానంతటది ఆగేదాకా పాడించండి. ఎన్ని గంటలు వచ్చిందో కాగితం మీద రాసుకోండి, గుర్తుకన్నా అదే నమ్మకం. మళ్లీ 4 గంటలు ఛార్జ్ చేయండి.

పూర్తిగా ఖాళీ అయిన ఐపాడ్ ఛార్జర్ పెట్టగానే వెలగదు. అరగంట ఆగండి, చచ్చిపోయిందనుకుని పక్కన పడేయకండి.

బెజవాడ మే ఎండలో మధ్యాహ్నం ఛార్జ్ వద్దు. 35 డిగ్రీలు దాటిన వేడిలో వాడితే లిథియం బ్యాటరీ త్వరగా పాడవుతుంది. రాత్రి పెట్టుకోండి.

ఇంత చేసినా గంటలోపే ఆగితే బ్యాటరీ అరిగిపోయినట్టే, మార్చాల్సిందే. వెనక రేకు ఉబ్బి కనిపిస్తే మాత్రం ఛార్జర్ జోలికే వెళ్లొద్దు. ఈ పద్ధతి తరచూ కూడా చేయకండి, పూర్తిగా ఖాళీ చేసిన ప్రతిసారీ బ్యాటరీ కొంత అరుగుతుంది.