మాగ్నమ్ వదిలి 9.3×62 పట్టుకోవాలంటే: మీడియం బోర్ తూటా ఎంచుకునే పద్ధతి

.30-06కీ .375 హెచ్ అండ్ హెచ్‌కీ మధ్యలో ఉన్న మీడియం బోర్ (మధ్యస్థ లావు) వేట రైఫిల్ తూటాల్లో తేలిగ్గా దొరికేది .338 విన్‌చెస్టర్ మాగ్నమ్. మాగ్నమ్ అంటే తుపాకిమందు ఎక్కువ పట్టే, వేగం ఎక్కువున్న తూటా. అయినా మూస్, ఎల్క్ (భారీ జింకలు), ఎలుగుబంటి, పెద్ద అడవిపందుల వేటకు వెళ్లేవాళ్లలో కొందరు దాన్ని పక్కనపెట్టి 9.3×62, .35 వీలెన్, .338-06 లాంటివి కొంటారు (పేరులో మొదటి అంకె బుల్లెట్ లావును సుమారుగా చెబుతుంది: చుక్కతో మొదలైతే అంగుళాల్లో, లేకపోతే మి.మీ.లో). ఇది వింత కోసం చేసే పని కాదు. దగ్గర దూరంలో బరువైన జంతువును పడగొట్టడానికి మాగ్నమ్ వేగం అక్కర్లేదు. బరువైన, లావుపాటి బుల్లెట్ మధ్యస్థ వేగంతో వెళ్తే చాలు.

ముందు మీ దూరం తేల్చుకోండి. ఇప్పటిదాకా మీరు కాల్చిన చోట్లను, రాబోయే సీజన్‌లో కూర్చోబోయే చోట్లను రేంజ్‌ఫైండర్‌తో కొలిచి రాసుకోండి. అడవి అంచుల్లో, పొదల మధ్య అయితే చాలావరకు 150 మీటర్లలోపే తేలుతుంది. అంకెలన్నీ 250 లోపు ఉంటే ఈ తూటాలు మీకు సరిపోతాయి. 300 దాటేవి ఎక్కువగా ఉంటే ఇక్కడితో ఆపి .300 మాగ్నమ్‌ల వైపు వెళ్లండి. ఎంత మంచి బుల్లెట్ వేసినా ఆ తేడా పూడదు.

9.3×62ను బెర్లిన్ తుపాకుల తయారీదారు ఒట్టో బాక్ 1905లో తెచ్చాడు. మౌజర్ 98 రైఫిల్ మామూలు యాక్షన్‌లో (తూటాను ఎక్కించి, ఖాళీ కేసును బయటికి తీసే యంత్రాంగం) పట్టేలా చేయడమే అతని ఉద్దేశం, ఈనాటికీ దాని అసలు బలం అదే. తూటా అడుగు .30-06తో దాదాపు సమానంగా 12 మి.మీ. ఉంటుంది కాబట్టి బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) మార్చనక్కర్లేదు. మాగ్నమ్ అడుగు 13.5 మి.మీ., దానికి బోల్ట్ ముఖం వేరుగా ఉండాలి, మ్యాగజైన్‌లో సాధారణంగా ఒక తూటా తగ్గుతుంది. .35 వీలెన్, .338-06 రెండూ .30-06 కేసు (తూటా ఇత్తడి తొడుగు) మెడను వెడల్పు చేసి పుట్టినవే. అందువల్ల మంచి .30-06 రైఫిల్ చేతిలో ఉన్నవాళ్లకు బ్యారెల్ ఒక్కటి మారిస్తే పని అయిపోతుంది.

ఇక బుల్లెట్ సంగతి. 9.3కి అలవాటైన బరువు 286 గ్రెయిన్లు, అంటే 18.5 గ్రాములు. గొట్టం వదిలేటప్పుడు వేగం సెకనుకు సుమారు 720 మీటర్లు. .30-06 బుల్లెట్‌తో పోలిస్తే దీని అడ్డుకోత వైశాల్యం 41 శాతం ఎక్కువ, అదీ జంతువుకు తగిలి విచ్చుకోకముందే. రంధ్రం పెద్దది కావడంతో నెత్తురు జాడ బాగా పడుతుంది, గడ్డిలో మంచులో వెతకడం తేలికవుతుంది. వేగం తక్కువ కాబట్టి భుజం దగ్గర మాంసం తక్కువ చెడుతుంది. మాగ్నమ్‌తో 40 మీటర్లలో కొడితే, సాదా సీసపు బుల్లెట్ ఎముక తగలగానే ముక్కలై లోతుకు దిగకపోవచ్చు. 9.3లో అదే రకం బుల్లెట్ నిలబడి అవతలికి పోతుంది. రాగి బుల్లెట్ అయితే మాత్రం బరువైనది తీసుకోకండి. రాగి సీసం కన్నా తేలిక, దాంతో అదే బరువుకు బుల్లెట్ పొడుగవుతుంది. పైగా దూరం పెరిగే కొద్దీ విచ్చుకోవడానికి కావాల్సిన వేగం మిగలకపోవచ్చు. 250 గ్రెయిన్ల దగ్గర ఆగి, తయారీదారు చెప్పిన కనీస వేగం మీ చివరి దూరంలో ఉంటుందో లేదో చూసుకోండి.

"మాగ్నమ్ కన్నా తన్నదు" అన్న మాటను యథాతథంగా నమ్మవద్దు. 3.6 కిలోల రైఫిల్‌లో లెక్క వేస్తే .30-06 వెనక్కి తన్నే శక్తి సుమారు 27 జౌళ్లు, 9.3×62ది 45, .338 మాగ్నమ్‌ది 48, .375ది 61. అంటే .375 నుంచి దిగితే తేడా పెద్దది, .338 నుంచి దిగితే చిన్నది. ఇక్కడ హాయినిచ్చేది తన్ను తగ్గడం కన్నా తుపాకిమందు తక్కువ కాలడం, 56 సెం.మీ. బ్యారెల్‌తోనే పని జరగడం. స్కోప్‌కీ కంటికీ మధ్య కనీసం 9 సెం.మీ. ఉంచండి. బెంచ్ మీద ఒక పూటకు పన్నెండు తూటాలు దాటవద్దు, మిగతా సాధన .22తో చేయండి. భయంతో ట్రిగ్గర్ లాగేస్తున్నారా అని తెలియాలంటే, తోడున్నవారిని మ్యాగజైన్‌లో డమ్మీ తూటాలు మీకు చెప్పకుండా కలపమనండి. డమ్మీ మీద గొట్టం కిందికి వంగితే దొరికిపోయినట్టే.

పాత మౌజర్ యాక్షన్ మీద కట్టిన రైఫిల్ కొంటుంటే దాని చెక్కను (స్టాక్) తప్పకుండా చూడండి. రీకాయిల్ లగ్ (తన్నును చెక్కకు అందించే, యాక్షన్ కింది దిమ్మ) వెనకభాగం చెక్కకు పూర్తిగా ఆనకపోతే తన్ను అంతా యాక్షన్ తోక దగ్గరికి పోయి అక్కడ సన్నటి నెర్రె పడుతుంది. యాక్షన్ విప్పి, లగ్‌కు మసి పూసి మళ్లీ బిగించి తీస్తే ఎక్కడ తాకుతోందో చెక్క మీద కనిపిస్తుంది. మచ్చ ఒక మూలనే ఉంటే బెడ్డింగ్ (యాక్షన్ చెక్కలో సమంగా ఆనేలా సర్దడం) చేయించాలి. హెడ్‌స్పేస్‌ను (బోల్ట్ ముఖానికీ, తూటా కూర్చునే గదిలో అది ఆనే చోటుకీ మధ్య దూరం) గన్‌స్మిత్ చేత గేజ్ పెట్టి చూపించుకున్నాకే కాల్చండి.

తూటాలు కొనేటప్పుడు పెట్టె మీది అంకెలన్నీ చదవండి. 9.3 అని ఉన్నవన్నీ ఒకటి కావు: 9.3×57 పొట్టిది, 9.3×64 బ్రెన్నెకే శక్తి ఎక్కువది, 9.3×74ఆర్ అంచు ఉన్నది, జంటగొట్టాల తుపాకులది. ఒకదానికి చేసిన ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) ఇంకోటి వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తూటా అడుగున చెక్కిన గుర్తు, బ్యారెల్ మీది గుర్తు అక్షరం అక్షరం కలవాలి. ఇక సరఫరా, ఈ తూటాల అసలు బలహీనత అదే. రైఫిల్ కొన్న రోజే ఒకే లాట్ (ఒకే విడత తయారీ) నంబరువి కనీసం వంద తీసుకోండి. లాట్ మారితే తగిలే చోటు మారుతుంది, మళ్లీ సరిచూడాల్సి వస్తుంది. .35 వీలెన్‌కు సొంతంగా తూటాలు కట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. దాని కేసు భుజం (మెడ కింది ఏటవాలు భాగం) కోణం 17.5 డిగ్రీలే, ఆనే చోటు కొంచెం. సైజింగ్ డై (వాడిన కేసును తిరిగి కొలతకు నొక్కే అచ్చు) ఎక్కువ కిందికి దింపితే భుజం వెనక్కి పోయి, కాల్చిన ప్రతిసారీ కేసు సాగి అడుగు దగ్గర మెరిసే గీత పడుతుంది. ఆ గీత కనిపించిన కేసును పారేయండి, డైని పైకి సర్దండి.

గురి సరిచూడటానికి 9.3 స్కోప్‌ను 150 మీటర్ల దగ్గర సరిగ్గా తగిలేలా సర్దండి. అప్పుడు 100 దగ్గర 4 సెం.మీ. పైన, 200 దగ్గర 11 సెం.మీ. కింద, 300 దగ్గర అర మీటరు పైగా కింద తగులుతుంది. 11 సెం.మీ. మూస్ ఛాతీకి లెక్కలోకి రాదు. అర మీటరు తేడా అంటే కాలు విరిగి జంతువు పారిపోవడమే. ఇవి లెక్క వేసిన అంకెలు కాబట్టి మీ తూటాతో 100, 200, 250 దగ్గర కాగితం మీద కాల్చి చూసుకోండి.

చివరగా చట్టం. స్వీడన్‌లో మూస్‌కు 10 గ్రాములు, అంతకు మించిన బుల్లెట్ వాడితే 100 మీటర్ల దగ్గర కనీసం 2000 జౌళ్లు ఉండాలి, 9.3కి అక్కడ 4000 దాకా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆఫ్రికాలో మాత్రం ఏనుగు, దున్న లాంటి ప్రమాదకర జంతువులకు చాలాచోట్ల .375 కనీస హద్దుగా నడుస్తోంది. అటు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు రెండు రైఫిళ్లు కొనడం కన్నా మొదటే .375 కొనడం మేలు.