పీ0700 వెనక దాక్కున్న కోడ్
సింహాచలం ఘాట్‌లో మా పాత ఆటోమేటిక్ కారు మూడో గేర్లోనే ఉండిపోయింది. కారుకు తగిలించి లోపాల కోడ్‌లు చదివే చవక స్కానర్ పీ0700 అనే కోడ్ చూపించింది. అది చాడీ మాత్రమే: గేర్‌బాక్స్ కంప్యూటర్లో ఇంకో కోడ్ ఉందంటుంది, అదేమిటో చెప్పదు. ట్రాన్స్‌మిషన్ కూడా చదివే స్కానర్ పెడితే పీ0715 దొరికింది, అంటే గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ వేగాన్ని కొలిచే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం. మెకానిక్ ఏకంగా గేర్‌బాక్సే దింపాలన్నాడు! కానీ గేర్‌బాక్స్ ఆయిల్ చూస్తే ఎర్రగానే ఉంది, మాడువాసన లేదు, అంటే లోపల కాలిన సూచన లేదు.

బ్యాటరీ నెగటివ్ తీసి సెన్సర్ కనెక్టర్ ఊడదీశాను. ఒక పిన్ను నిండా ఆకుపచ్చ చిలుం. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి బయటే ఉండే బండి మరి. సెన్సర్ రెసిస్టెన్స్ మాత్రం మాన్యువల్లో ఇచ్చిన హద్దుల్లోనే ఉంది, కొత్తది కొనక్కర్లేదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక తేమ చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి, కోడ్ చెరిపేశాను. మళ్ళీ రాలేదు.