వీడియోలో వచ్చింది, నాకు రాట్లేదు: పీహెచ్‌పీ కొత్తవాళ్ల తిప్పలు, విరుగుళ్లు

కాశీబుగ్గలో మా మేనల్లుడు డిగ్రీ చదువుతూ ఆన్‌లైన్ కోర్సులో వెబ్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ భాష నేర్చుకుంటున్నాడు. వాళ్ల నాన్న జీడిపప్పు వ్యాపారానికి బిల్లులు కొట్టే చిన్న పేజీ చెయ్యాలని వాడి పంతం. నేనుండేది శ్రీకాకుళంలో. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ మోగిందంటే వాడే. "మావయ్యా, వీడియోలో ఆయనకి వచ్చింది, నాకు రాట్లేదు." సగం రోగం ఆ మాటలోనే ఉంది. ఆయన కంప్యూటర్ వేరు, వీడిది వేరు. ఆయన వీడియో తీసిన ఏడాది కూడా వేరు. వాడు పదే పదే అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. ఇవన్నీ విండోస్‌లో జాంప్ వేసుకున్నవాళ్లకి. జాంప్ అంటే అపాచీ అనే వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ పేరుతో కనిపించే డేటాబేస్, మూడూ ఒకే మూటలో.

పేజీ తెరిస్తే రాసిన కోడే కనిపిస్తోంది

ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి ఉంటారు. హెచ్‌టీఎంఎల్‌ని బ్రౌజర్ తనే చదువుకుంటుంది, పీహెచ్‌పీని చదవలేదు. సర్వర్ దాన్ని నడిపి, వచ్చిన ఫలితాన్ని బ్రౌజర్ చేతికివ్వాలి. అందుకని ఫైలు జాంప్‌లోని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో ఉండాలి, అడ్రస్ లోకల్‌హోస్ట్ అని మొదలవ్వాలి. అలా చేసినా 'నాట్ ఫౌండ్' అంటే నోట్‌ప్యాడ్ మీకు చెప్పకుండా పేరు చివర టీఎక్స్‌టీ తగిలించిందేమో చూడండి. ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి టిక్ పెడితే దొంగ దొరుకుతాడు.

అపాచీ స్టార్ట్ నొక్కగానే ఆగిపోతోంది

అపాచీ కూర్చోవాల్సిన 80వ పోర్టులో, అంటే సర్వర్ వాకిట్లో, ఇంకెవరో కూర్చున్నారు. ఎక్కువసార్లు అది విండోస్ సొంత వెబ్ సర్వరే. దాంతో గొడవపడకుండా అపాచీ కాన్ఫిగ్ ఫైల్లో 'లిజన్ 80'ని 8080గా మార్చండి. ఇకమీదట అడ్రస్‌లో లోకల్‌హోస్ట్ పక్కన కోలన్ పెట్టి 8080 అని కొట్టాలి. ఇది మర్చిపోయి మళ్లీ ఫోన్ చేస్తారు, అది వేరే సంగతి.

'కాల్ టు అన్‌డిఫైన్డ్ ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్_కనెక్ట్'

మీ తప్పు కాదు, కోర్సు పాతది. డేటాబేస్‌తో మాట్లాడే ఆ పాత 'మైఎస్‌క్యూఎల్_' ఫంక్షన్లని 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లోంచి పూర్తిగా తీసేశారు. ఉచితంగా దొరికే వీడియోల్లో ఇప్పటికీ అవే పాఠాలున్నాయి, లక్షల మంది చూశారు కదా అని కొత్తవాళ్లు నమ్ముతారు. మా వాడు తెలివిగా ప్రతిచోటా 'మైఎస్‌క్యూఎల్' పక్కన ఒక 'ఐ' చేర్చాడు. కనెక్షన్ కుదిరింది గానీ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) దగ్గర మళ్లీ పడిపోయింది. పాత పద్ధతిలో క్వెరీ ముందు, కనెక్షన్ తర్వాత. కొత్తదాంట్లో కనెక్షన్ ముందుండాలి. పేరు మార్చి వరస మార్చకపోతే అది ఊరుకోదు. నా మటుకు నేనైతే ఆ కోర్సునే వదిలెయ్యమంటాను. పీహెచ్‌పీ 8 మీద చెప్పేది వెతుక్కుని, డేటాబేస్ పాఠంలో పీడీవో గానీ మైఎస్‌క్యూఎల్ఐ గానీ (రెండూ డేటాబేస్‌తో మాట్లాడే కొత్త పద్ధతులే), ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లతో (క్వెరీని వేరుగా, విలువల్ని వేరుగా పంపడం) చెబుతున్నారో లేదో ముందే చూడండి. కస్టమర్ పేరుని నేరుగా క్వెరీలో అతికించడం నేర్పే కోర్సయితే, దొంగకి తలుపు తియ్యడం నేర్పుతున్నట్టే.

'అన్‌డిఫైన్డ్ అర్రే కీ' అంటోంది

పేజీ మొదటిసారి తెరిచినప్పుడు ఎవరూ ఫారం పంపలేదు, మీరేమో అందులోంచి విలువ తియ్యమంటున్నారు. ముందు ఇసెట్ ఫంక్షన్‌తో విలువ వచ్చిందో లేదో అడగండి. ఫారం పంపాక కూడా ఇదే వస్తుంటే, ఇన్‌పుట్‌కి 'ఐడీ' రాసి 'నేమ్' రాయడం మరిచారు. సర్వర్‌కి చేరేది నేమ్ ఒక్కటే.

'పార్స్ ఎర్రర్', 23వ లైన్. 23లో తప్పేమీ లేదు

22 చూడండి. సెమీకోలన్ అక్కడ తప్పిపోయి ఉంటుంది. పీహెచ్‌పీకి అది లేదని తెలిసేది తర్వాతి లైన్‌కి వచ్చాకే. అక్కడా లేకపోతే కొటేషన్ గుర్తుల్ని పట్టి చూడండి. వాట్సాప్‌లోంచో పీడీఎఫ్‌లోంచో కాపీ చేస్తే వంకర గుర్తులొస్తాయి, నిటారు గుర్తులే కావాలి. చెరిపేసి మీ కీబోర్డు మీద మళ్లీ కొట్టండి.

బిల్లు మీద టైం తప్పు

సాయంత్రం ఆరింటికి బిల్లు కొడితే మధ్యాహ్నం ఒంటిగంటన్నర అని పడింది. జాంప్‌తో వచ్చే పీహెచ్‌పీ సెట్టింగుల్లో టైమ్ జోన్ బెర్లిన్ అని రాసి ఉంటుంది. అందుకే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. పీహెచ్‌పీ ఐఎన్‌ఐ ఫైల్లో ఏషియా/కోల్‌కతా అని మార్చి అపాచీని రీస్టార్ట్ చెయ్యండి.

తెలుగు పేర్ల చోట అన్నీ ప్రశ్నార్థకాలు

పేజీ, కనెక్షన్, టేబుల్ మూడూ ఒకే భాష మాట్లాడుకోవాలి, అంటే అక్షరాల్ని ఒకే సంకేతాలతో రాసుకోవాలి. పేజీ హెడ్‌లో యూటీఎఫ్-8, టేబుల్‌కి యూటీఎఫ్8ఎంబీ4, కనెక్ట్ అవగానే సెట్ క్యార్‌సెట్‌తో అదే యూటీఎఫ్8ఎంబీ4. చాలామంది మరిచేది కనెక్షన్‌ని. ఇప్పటికే టేబుల్లో ప్రశ్నార్థకాలుగా చేరిపోయినవి మాత్రం తిరిగి రావు, మళ్లీ టైపు చెయ్యాల్సిందే.

దీనికే ఇంకో తోక. ఎస్‌టీఆర్‌లెన్‌తో 'శ్రీకాకుళం' పొడవు అడిగితే 30 అంటుంది. అది లెక్కపెట్టేది బైట్లని. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. ఎంబీ_ఎస్‌టీఆర్‌లెన్ అడిగితే 10 అంటుంది, ఎందుకంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్నీ దానికి వేర్వేరు. మన కంటికేమో నాలుగక్షరాలే. కాబట్టి పేరు 20 దాటకూడదని ఎస్‌టీఆర్‌లెన్‌తో నిబంధన పెడితే మన జిల్లా పేరే లోపలికి రాదు.

కరెంటు పోయి వచ్చాక మైఎస్‌క్యూఎల్ లేవడం లేదు

మన వైపు గాలివానకి కరెంటు పోవడం కొత్త కాదు. 2018 తిత్లీ తుపాను అప్పుడు ఉద్దానం పడ్డ పాట్లు ఎవరూ మరిచిపోలేదు. డేటాబేస్ ఏదో రాస్తుండగా డెస్క్‌టాప్ ఆరిపోతే ఫైళ్లు పాడవుతాయి, 'షట్‌డౌన్ అనెక్స్‌పెక్టెడ్‌లీ' అని ఎర్రగా వస్తుంది. ఇంటర్నెట్‌లో ఎవరో 'ఐబీడేటా1 డిలీట్ చెయ్యి' అని రాసి ఉంటారు. చెయ్యకండి, మీ టేబుళ్ల ప్రాణం అందులోనే ఉంది. ముందు మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లోని 'డేటా'ని మొత్తంగా వేరే డ్రైవ్‌లోకి కాపీ తియ్యండి. తర్వాత దాని పేరు 'డేటా_పాత' అని మార్చి, పక్కనే ఉన్న 'బ్యాకప్' ఫోల్డర్‌ని కాపీ చేసి 'డేటా' అని పేరు పెట్టండి. పాతదాంట్లోంచి మీరు చేసుకున్న డేటాబేస్ ఫోల్డర్లు, ఐబీడేటా1 ఇందులోకి తెచ్చి స్టార్ట్ నొక్కండి. సాధారణంగా లేస్తుంది. అయినా వారానికోసారి డేటాబేస్ చూసుకునే పీహెచ్‌పీ మై అడ్మిన్ పేజీలో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఆ ఫైల్ని మెయిల్ చేసుకుంటే ఈ సర్కస్ అక్కర్లేదు.

వీడియో చూస్తే అంతా అర్థమవుతోంది, ఎడిటర్ తెరిస్తే చెయ్యి కదలదు

మా వాడు పాఠాల్ని ఒకటిన్నర స్పీడులో చూసేవాడు. 40 పాఠాలయ్యాయి, ఒక్క ఫారం కూడా సొంతంగా రాయలేదు. ఒడ్డున కూర్చుని నాగావళిలో ఈదేవాళ్లని చూసినంత పని. ఇప్పుడు పది నిమిషాల పాఠం చూశాక ట్యాబ్ మూసేసి, అదే కోడ్‌ని సరుకు మార్చి రాయమంటున్నాను. మాస్టారు విద్యార్థుల మార్కులు చూపిస్తే వీడు జీడిపప్పు గుళ్ళు (విరగని పప్పు), బద్దల రేట్లు రాయాలి. ఎక్కడ ఆగితే అక్కడే వీడియో మళ్లీ తెరవాలి. మొదటి వారం బాగా విసుక్కున్నాడు.

కిలో గుళ్ళు ఒక్క రూపాయి

ఇది మొన్నటిది. పది కిలోలకి బిల్లు పది రూపాయలు వచ్చింది. రేటు పెట్టెలో మా బావ అలవాటుగా 1,050 అని కామాతో కొట్టాడు. వీడు దాన్ని పూర్ణాంకంగా మార్చమన్నాడు, పీహెచ్‌పీ కామా దగ్గర ఆగిపోయి 1 తీసుకుంది, కిక్కురుమనలేదు. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ బయటపెట్టిన నాటి నుంచీ ఈ భాషది మెత్తని స్వభావం, ఇచ్చినదాంతో ఎలాగోలా సర్దుకుపోతుంది. ముందు ఎస్‌టీఆర్_రీప్లేస్‌తో కామాలు తీసేసి, మిగిలింది అంకేనా అని ఈజ్_న్యూమరిక్‌తో చూసి, ఆ తర్వాతే గుణించమన్నాను. ఫోన్ పెట్టేలోపు వెనకనుంచి మా బావ గొంతు వినిపించింది: "ఏట్రా, కిలో రూపాయికి అమ్మెస్తావేటి?"